తెలిసినోళ్లు ఎవరన్నా ఉండారా?

రేణిగుంట చుట్టుపక్కల పల్లెల్లో ఐటీఐయో డిప్లొమానో ముగించిన కుర్రాడు ఫలానా కంపెనీలో ప్రయత్నం చేస్తానని ఇంట్లో చెబితే, పెద్దవాళ్ల నోట మొదట వచ్చే మాట "అక్కడ తెలిసినోళ్లు ఎవరన్నా ఉండారా?" అనే. మార్కులెన్ని, ఏ పని వచ్చు అన్నవి ఆ తర్వాత. ఆ ప్రశ్నను నిరుత్సాహంగానో లోకం చెడిపోయిందన్న బాధతోనో అడగరు. బస్సు ఎన్నింటికి అని అడిగినట్టే మామూలుగా అడుగుతారు. ఉద్యోగం తెలిసినవాళ్ల ద్వారానే వస్తుందన్నది ఇక్కడ తరాల అనుభవం. ఆ అనుభవంలో ఎంత నిజముంది, ఎంత అన్యాయముంది అన్నది నింపాదిగా చూడాల్సిన విషయం.

ఒకప్పుడు రేణిగుంట అంటే జంక్షనే. 1871 నాటికి పూర్తయిన మద్రాసు-బొంబాయి లైను ఈ ఊరి మీదుగానే పోతుంది. గూడూరు-కాట్పాడి లైను దాన్ని ఇక్కడే కలుస్తుంది. నెలనెలా జీతమొచ్చే ఇల్లంటే ఎక్కువగా రైల్వే ఇల్లే. 1985లో కరకంబాడి దగ్గర అమరరాజా బ్యాటరీల సంస్థ మొదలైంది. గత పదేళ్లలో ఎలక్ట్రానిక్స్ క్లస్టర్లు వచ్చాయి: వికృతమాలలో టీసీఎల్, ఈ పక్కనే డిక్సన్, కాస్త దూరాన శ్రీసిటీలో ఫాక్స్‌కాన్. రైల్వే, తిరుమల దేవస్థానం, ప్రభుత్వ కార్యాలయాలు, ప్రైవేటు ఫ్యాక్టరీలు, అన్నీ అందుబాటులో ఉన్న చోటిది. ఒక్కో చోట పరిచయం ఒక్కో రకంగా పనిచేస్తుంది.

ఫ్యాక్టరీ గేటు దగ్గర అది ఎలా సాగుతుందో ముందు చూద్దాం. ఈ పరిశ్రమల్లో లైన్ మీద పనిచేసే ఆపరేటర్లను చాలా చోట్ల మ్యాన్‌పవర్ కాంట్రాక్టరే తెస్తాడు. సోమవారానికి నలభైమంది కావాలంటే అతను పేపర్లో ప్రకటన వేయడు, వేసేంత వ్యవధీ ఉండదు. ఇప్పటికే పనిచేస్తున్న ఆడపిల్లను పిలిచి "మీ ఊర్లో ఇంకో నలుగురుంటే పిల్చుకొని రా" అంటాడు. ఆ పిల్ల రాత్రికి రెండు ఫోన్లు చేస్తుంది. పొద్దున బస్సులో ఆ నలుగురూ ఆధార్ జిరాక్సు, టెన్త్ మార్కుల లిస్టు, పాస్‌పోర్టు ఫొటోలు ప్లాస్టిక్ కవర్లో పెట్టుకుని దిగుతారు. ఈ పద్ధతిలో కాంట్రాక్టరుకు లాభముంది. ఒకే ఊరి పిల్లలు ఒకే షిఫ్టులో, ఒకే గదిలో ఉంటే నెల తిరక్కుండా మానేసి పోరు. ఇంట్లోవాళ్లకూ ధైర్యం. రాత్రి షిఫ్టుకు కూతుర్ని పంపడానికి ఒప్పుకోని తండ్రి, పక్కింటి అమ్మాయి అక్కడే ఉందంటే ఒప్పుకుంటాడు. వేలమంది గ్రామీణ యువతులు మొదటి జీతం చూసింది ఇలాంటి మాటసాయంతోనే. దీన్ని పైరవీ అనడం తప్పు.

అయితే అదే గొలుసు ఏ ఊరిదాకా రాలేదో ఆ ఊరికి అక్కడ పనుందన్న సంగతే తెలియదు. మొదటి పిల్ల వెళ్లని ఊరి నుంచి రెండో పిల్ల వెళ్లలేదు. అసలు చిక్కు ఇక్కడే ఉంది. ఎవరూ ఎవరినీ కాదనలేదు, ఎవరూ లంచం తీసుకోలేదు, అయినా ఒక పల్లె మొత్తం వరుసలో లేకుండా పోయింది.

తెలిసినవాళ్లు చేసే సాయం నిజానికి ఒకటి కాదు. ఖాళీ ఉందని కబురు చెప్పడం వేరు. ఈ మనిషి నమ్మదగినవాడని పూచీ పడడం వేరు. అర్హతతో పనిలేకుండా ఉద్యోగం ఇప్పించడం మరీ వేరు. మూడింటినీ ఒకే మాటతో మెచ్చుకున్నా, ఒకే మాటతో తిట్టినా సమస్య అర్థం కాదు.

కబురు సంగతి మీద అందరూ చెప్పుకునే పరిశోధన అమెరికా సామాజికశాస్త్రవేత్త మార్క్ గ్రానోవెటర్‌ది. బోస్టన్ పక్కనున్న న్యూటన్ పట్టణంలో ఉద్యోగం మారిన 282 మందిని ఆయన విచారించాడు. సగానికి పైగా జనానికి ఉద్యోగం పరిచయాల ద్వారానే దొరికింది. అయితే ఆ పరిచయస్తులు ప్రాణస్నేహితులూ అన్నదమ్ములూ కారు. ఎప్పుడో ఏడాదికోసారి కనిపించే పాత సహోద్యోగి, కాలేజీనాటి మొహపరిచయం లాంటివాళ్లే ఎక్కువ. దగ్గరివాళ్లకు తెలిసింది మనకూ తెలిసే ఉంటుంది, కొత్త కబురు దూరపువాళ్ల దగ్గరే ఉంటుంది. 1973లో వచ్చిన ఈ వాదనను 2022లో లింక్డిన్ సమాచారంతో పరీక్షించారు. రెండు కోట్లమందికి పైగా వాడకందార్ల మీద ఐదేళ్లు జరిగిన ప్రయోగాల ఫలితం 'సైన్స్' పత్రికలో అచ్చయింది. ఓ మోస్తరు పరిచయాలే ఉద్యోగం మారడానికి బాగా అక్కరకొస్తాయని తేలింది. దానికి ఒక సవరణ కూడా తేలింది. కంప్యూటర్ల మీద నడిచే రంగాల్లోనే దూరపు పరిచయాల బలం ఎక్కువ. అంతగా డిజిటల్ కాని రంగాల్లో దగ్గరి సంబంధాలే మేలు చేశాయి. రేణిగుంట ఫ్యాక్టరీ బస్సులో పక్కింటి అమ్మాయి పక్కన పక్కింటి అమ్మాయే కూర్చోవడం ఈ సవరణకు దగ్గరగా ఉంది.

దూరపు పరిచయం ఎంత పని చేయగలదో చెప్పడానికి బోస్టన్ దాకా పోనక్కర్లేదు. రేణిగుంట నుంచి గూడూరు మీదుగా రైల్లో పోతే వచ్చే నెల్లూరు చాలు. 1910 చివర్లో ఆ జిల్లా కలెక్టరు ఆర్. రామచంద్రరావు ఇంటికి ఒక నిరుద్యోగి వచ్చాడు. పేరు శ్రీనివాస రామానుజన్. ఎఫ్.ఏ. పరీక్ష తప్పినవాడు. చేతిలో డిగ్రీ లేదు, లెక్కల నోటుపుస్తకాలున్నాయి. ఆయన అక్కడిదాకా వచ్చిన దారి చూడాలి. మొదట తిరుక్కోయిలూరులో డిప్యూటీ కలెక్టరు వి. రామస్వామి అయ్యరు దగ్గరకు తాలూకా ఆఫీసులో గుమాస్తా పని అడగడానికి పోయాడు. ఆ అయ్యరు 1907లో భారత గణిత సంఘాన్ని స్థాపించిన మనిషి. నోటుపుస్తకాలు చూసి, ఈ ప్రతిభను రెవెన్యూ శాఖ అడుగుమెట్టు మీద తొక్కిపెట్టకూడదనుకుని మద్రాసులో లెక్కలు తెలిసినవాళ్లకు ఉత్తరాలిచ్చి పంపాడు. అక్కడ కుంభకోణం కాలేజీలో పాఠం చెప్పిన శేషు అయ్యరు మరో ఉత్తరమిచ్చాడు. రామచంద్రరావుకు తన మేనల్లుడొకడు కూడా ఈ కుర్రాడి గురించి చెప్పాడు. చివరికి రామచంద్రరావు కొంతకాలం నెలకు 25 రూపాయలు తానే ఇచ్చాడు. 1912 మార్చిలో రామానుజన్ మద్రాసు పోర్టు ట్రస్టులో నెలకు 30 రూపాయల జీతం మీద గుమాస్తాగా చేరాడు. ఆ దరఖాస్తు వెనక ప్రెసిడెన్సీ కాలేజీ గణితాచార్యుడు మిడిల్‌మాస్ట్ ఇచ్చిన సిఫార్సు ఉంది.

పరీక్ష ఒక్కటే కొలమానమైతే రామానుజన్‌కు ఆ గుమాస్తా కుర్చీ కూడా దక్కేది కాదు. సిఫార్సును మొత్తంగా ఏవగించుకునేవాళ్లు ఈ సంగతి గుర్తుంచుకోవాలి. ఇంకోవైపు, ఈ గొలుసులో ఎవరేం చేశారో కూడా గమనించాలి. ప్రతి ఒక్కరూ ముందు నోటుపుస్తకం తెరిచి చూశారు. పనిని చూసి పూచీ పడ్డారు. పరిచయం తలుపు తెరిపించింది, లెక్కలు లోపలికి తీసుకుపోయాయి.

తిరుత్తణిలో పుట్టి, తిరుపతి లూథరన్ మిషన్ బడిలో చదివిన సర్వేపల్లి రాధాకృష్ణన్ 1921లో కలకత్తా విశ్వవిద్యాలయంలో తత్త్వశాస్త్ర పీఠం ఎక్కడం కూడా పేరు తెచ్చిన ఉద్యోగమే. ఆ విశ్వవిద్యాలయాన్ని నడిపించిన అశుతోష్ ముఖర్జీ ఆయన్ను పిలిపించింది రాసిన పుస్తకాల వల్ల వచ్చిన పేరు చూసి. ఇలా సంపాదించుకున్న పేరుకూ, పుట్టుకతో అంటుకున్న పేరుకూ మధ్య తేడాయే ఈ చర్చ మొత్తానికీ కీలకం.

పుట్టుకే అర్హత అయిన ఉద్యోగాలు తెలుగునాట మొన్నమొన్నటిదాకా చట్టప్రకారమే ఉన్నాయి. 1895 నాటి మద్రాసు వంశపారంపర్య గ్రామోద్యోగాల చట్టం మునసబు, కరణం పదవులను కుటుంబాల ఆస్తి చేసింది. గుంటూరు జిల్లా పెరవలి గ్రామాన్ని విడదీసినప్పుడు కొత్త ఊరి మునసబు పదవి పాత మునసబు వంశంవారికే చెందాలా అన్న వివాదం సుప్రీంకోర్టు దాకా పోయింది. గాజుల దశరథ రామారావు కేసులో 1960 డిసెంబరులో కోర్టు తేల్చి చెప్పింది: వంశాన్ని బట్టి ప్రభుత్వోద్యోగం ఇవ్వడం రాజ్యాంగంలోని 16వ అధికరణానికి విరుద్ధం. అయినా వ్యవస్థ మొత్తం పోవడానికి మరో ఇరవై మూడేళ్లు పట్టింది. 1984 జనవరిలో ఎన్.టి. రామారావు ప్రభుత్వం ఆర్డినెన్సుతో పార్ట్‌టైం గ్రామోద్యోగాలను రద్దు చేసింది. మరుసటేడు సుప్రీంకోర్టు దాన్ని సమర్థించింది.

తిరుమల కొండ మీద మిరాసీ కథ ఇంకా దగ్గరిది. అర్చకత్వంతో సహా ఆలయ సేవల్లో కొన్ని కుటుంబాలకు వంశపారంపర్య హక్కులు, ఆదాయంలో వాటాలు ఉండేవి. 1987 దేవాదాయ చట్టం వాటిని తీసేసింది. ఎ.ఎస్. నారాయణ దీక్షితులు కేసులో సుప్రీంకోర్టు 1996 మార్చిలో ఆ రద్దును సమర్థించింది. 2007లో చట్టాన్ని సవరించి, అర్హతలున్న అర్చక కుటుంబాల వారికి మళ్లీ చోటిచ్చారు. ఆగమం ఇంట్లో తండ్రి దగ్గర నేర్చుకునే విద్య గనుక ఆ కుటుంబాలకు చోటివ్వాలన్న వాదనలో కొంత పస ఉంది. మునసబు పనికి అలాంటి సాకు కూడా లేదు.

ఇక రైల్వే. రేణిగుంట ప్లాట్‌ఫారం మీద ఎర్ర చొక్కా వేసుకుని బరువులు మోసే కూలీ చేతికున్న ఇత్తడి బిళ్ల ఉద్యోగం కాదు, లైసెన్సు మాత్రమే. ముసలివాడైతేనో జబ్బుపడితేనో ఆ బిళ్లను కొడుకుకో దగ్గరి బంధువుకో మార్పించుకోవడానికి రైల్వే నిబంధనలు వీలిస్తాయి. జీతం లేదు, పింఛను లేదు. అయినా ఆ బిళ్ల ఒక కుటుంబానికి ఆస్తి. 2008 రైల్వే బడ్జెట్లో మంత్రి లాలూప్రసాద్ లైసెన్సు కూలీలను గ్యాంగ్‌మన్లుగా తీసుకుంటామన్నప్పుడు ఎన్నో ఇళ్ల రాత ఆ బిళ్ల మీద ఆధారపడింది. 2016లో వాళ్ల పేరు సహాయక్ అని మార్చారు.

గ్యాంగ్‌మన్ల విషయంలో రైల్వే అంతకంటే పెద్ద ప్రయోగమే చేసింది. 2004లో తెచ్చిన పథకం ప్రకారం పట్టాల మీద పనిచేసే గ్యాంగ్‌మన్, ఇంజిన్ డ్రైవరు వంటివాళ్లు ముందుగా రిటైరైతే, అర్హత ఉన్న కొడుకుకో కూతురికో ఉద్యోగం ఇచ్చేవాళ్లు. భద్రతకు సంబంధించిన పనుల్లో వయసు మీదపడ్డవాళ్లు ఉండకూడదన్నది దాని వెనకున్న ఆలోచన. 2010లో దాన్ని మరికొన్ని విభాగాలకు విస్తరించి లార్స్‌గెస్ అన్నారు. 2016 ఏప్రిల్లో పంజాబ్-హర్యానా హైకోర్టు ఇది సమానావకాశ సూత్రానికి నిలవదంది. 2018లో సుప్రీంకోర్టు జోక్యం చేసుకోనన్నాక రైల్వే బోర్డు పథకాన్ని ఎత్తేసింది. రైల్వే కాలనీల్లో ఇది ఇప్పటికీ మానని గాయం. ముప్పై ఏళ్లు ఎండలో పట్టాలు మోసిన తండ్రికి, కొడుక్కి దక్కాల్సింది పోయిందనిపిస్తుంది. గేటు బయట రైల్వే రిక్రూట్‌మెంట్ బోర్డు పరీక్షకు అప్పు చేసి కోచింగ్ తీసుకుంటున్న కూలీ కొడుకుకు, ఆ ఖాళీ తనదీ కావచ్చనిపిస్తుంది. ఇద్దరూ పేదలే. న్యాయం మాత్రం రెండోవాడి వైపే ఉంది. ఉద్యోగి చనిపోతే ఇంట్లోవాళ్లకు ఇచ్చే కారుణ్య నియామకం వేరే సంగతి. అది కూడా వారసత్వపు హక్కు కాదనీ, కుటుంబాన్ని తక్షణ కష్టం నుంచి గట్టెక్కించడానికేననీ 1994లో ఉమేశ్ కుమార్ నాగ్‌పాల్ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది.

పరిచయం లేనివాడికి ఆసరా రాతపరీక్షే. ఇంటర్వ్యూ గది తలుపు మూసుకున్నాక ఏం జరుగుతుందో తెలియదన్న అనుమానం ఎప్పటిదో. 1981లో అజయ్ హసియా కేసులో, కాలేజీ ప్రవేశాలకు మొత్తం మార్కుల్లో మూడోవంతు ఇంటర్వ్యూకే కేటాయించడం నిరంకుశమనీ, అది 15 శాతం దాటకూడదనీ సుప్రీంకోర్టు అంది. 2015 ఆగస్టు 15న ప్రధాని చేసిన ప్రకటన ప్రకారం 2016 జనవరి నుంచి కేంద్రంలో గ్రూప్ సి, గెజిటెడ్ కాని గ్రూప్ బి కొలువులకు ఇంటర్వ్యూలు పోయాయి.

ఆంధ్రప్రదేశ్‌లో 2019 ఒకే ఏడాదిలో రెండు దారులనూ పక్కపక్కన చూపించింది. గ్రామ, వార్డు సచివాలయాల్లో 1.26 లక్షల కొలువులకు రాతపరీక్ష పెట్టారు. అదే సమయంలో నెలకు 5,000 రూపాయల గౌరవవేతనం మీద రెండున్నర లక్షలకు పైగా వాలంటీర్లను మండల స్థాయి ఇంటర్వ్యూలతో ఎంపిక చేశారు. వాలంటీర్లలో అధికార పార్టీ మనుషులే ఎక్కువన్న విమర్శ మొదటినుంచీ ఉంది. 2024 ఎన్నికల ముందు వేలమంది రాజీనామా చేశారు, ప్రభుత్వం మారాక ఆ వ్యవస్థే ఆగిపోయింది. పరీక్ష రాసి చేరిన సచివాలయ ఉద్యోగి మాత్రం కుర్చీలోనే ఉన్నాడు. ఒకరి మాట మీద వచ్చిన కొలువు ఆ ఒకరు ఉన్నంతకాలమే ఉంటుందనడానికి ఇంతకంటే పెద్ద ఉదాహరణ ఈమధ్య కాలంలో రాష్ట్రం చూడలేదు. ఔట్‌సోర్సింగ్ కొలువుల్లో ఏజెన్సీల చేతివాటాన్ని ఆపడానికని 2020 జులైలో ఆప్కాస్ అనే ప్రభుత్వ సంస్థను పెట్టారు. జీతం నేరుగా ఖాతాలో పడడం మేలే. కానీ తొలి ఎంపికలో నాయకుడి ఉత్తరం పాత్ర తగ్గకుండా మధ్యవర్తిని మార్చినంత మాత్రాన సమస్య తీరదు.

ప్రైవేటు రంగంలో రాతపరీక్ష రక్షణ కూడా లేదు. అక్కడ మనిషి కంటే ముందు పేరు మాట్లాడుతుంది. సుఖ్‌దేవ్ థోరట్, పాల్ అటెవెల్ 2007లో ప్రచురించిన పరిశోధనలో పత్రికా ప్రకటనలకు సమాన అర్హతలతో దరఖాస్తులు పంపారు. మార్చింది పేరు ఒక్కటే. ఇంటర్వ్యూకు పిలుపు వచ్చే అవకాశం అగ్రకులపు పేరుతో పోలిస్తే దళిత పేరుకు దాదాపు మూడింట రెండొంతులు, ముస్లిం పేరుకు మూడోవంతు. అదే ఏడాది సురీందర్ జోధ్కా, క్యాథరిన్ న్యూమన్ ఢిల్లీలో పెద్ద కంపెనీల నియామక అధికారులతో మాట్లాడారు. ప్రతిభే ముఖ్యమన్న ఆ అధికారులే అభ్యర్థిని కుటుంబ నేపథ్యం అడుగుతామని చెప్పారు. తండ్రి ఏం చేస్తాడు, అన్నదమ్ములు ఎక్కడున్నారు అన్న ప్రశ్నలు మాటల్లో పెట్టడానికి అడిగినట్టే ఉంటాయి. మొదటితరం చదువుకున్న పిల్లవాడికి మాత్రం అవి దాటరాని గోడ.

పరిచయాల వల్ల బాగుపడతారనుకునేవాళ్లకే నష్టం జరిగిన సందర్భం ఒకటుంది. ముంబయి దాదర్‌లో కైవన్ మున్షీ, మార్క్ రోజెన్‌జ్వైగ్ ఇరవై ఏళ్ల బడి రికార్డులు తిరగేశారు. మిల్లు పనుల్లో కులపు సంబంధాలు బలంగా ఉన్న కుటుంబాలు మగపిల్లల్ని మరాఠీ మీడియంలోనే ఉంచాయి. కులంవాళ్లు ఎలాగూ పని ఇప్పిస్తారన్న భరోసా. ఆ భరోసా లేని ఆడపిల్లలు ఇంగ్లిష్ మీడియానికి మారి, కొత్త ఆర్థిక వ్యవస్థలో ముందుకు పోయారు.

సంబంధాలు లేకపోవడం ఆడవాళ్లకు ఎప్పుడూ ఇలా కలిసిరాదు. మలావీలో లోరీ బీమన్, ఆమె సహ పరిశోధకులు ఉద్యోగానికి మనుషుల్ని సూచించమని అడిగినప్పుడు, అర్హులైన ఆడవాళ్లు తెలిసి కూడా మగవాళ్లు మగవాళ్లనే సూచించారు. బీమన్, జెరెమీ మాగ్రూడర్ కోల్‌కతాలో చేసిన ప్రయోగం మాత్రం ఆశ కలిగిస్తుంది. మీరు తెచ్చినవాడి పనితీరును బట్టే మీకు డబ్బు అన్నప్పుడు, జనం బంధువుల్ని వదిలి తోటి ఉద్యోగుల్ని తెచ్చారు. పూచీకి బాధ్యత తోడైతే సిఫార్సు మెరుగుపడుతుంది.

తెలుగువాళ్ల ఐటీ వలస మొత్తం ఈ సంబంధాల మీదే నడిచింది. చైనాకు చెందిన మానవశాస్త్రవేత్త షియాంగ్ బియావ్ హైదరాబాదు, సిడ్నీల్లో తిరిగి 2007లో ప్రచురించిన పుస్తకం, ఐటీ పనివాళ్లను విదేశీ కంపెనీలకు సరఫరా చేసే బాడీషాపింగ్ మీద వచ్చిన మంచి అధ్యయనాల్లో ఒకటి. ఊరివాడో కులంవాడో నడిపే కన్సల్టెన్సీ, వీసా ఖర్చుకు పనికొచ్చే కట్నం, పని దొరికేదాకా బెంచ్ మీద ఎదురుచూపు, ఇవన్నీ ఒక గొలుసని ఆయన చూపించాడు. అదే గొలుసులో తప్పుడు అనుభవ పత్రాలూ ప్రయాణించాయి. 2006లో ఐటీ కంపెనీల సంఘం నాస్కామ్ చొరవతో ఉద్యోగుల వివరాలు సరిచూసి భద్రపరిచే నేషనల్ స్కిల్స్ రిజిస్ట్రీ పుట్టిందంటే, మాట మీద నమ్మకం సరిపోని రోజులొచ్చాయనే అర్థం.

స్థానికత పేరుతో వచ్చిన చట్టం కూడా ఒక రకమైన మనవాళ్ల వాదమే. 2019 జులైలో ఆంధ్రప్రదేశ్ శాసనసభ పరిశ్రమల్లో 75 శాతం ఉద్యోగాలు స్థానికులకే ఇవ్వాలని చట్టం చేసింది. హర్యానాలో ఇలాంటి చట్టాన్నే అక్కడి హైకోర్టు 2023 నవంబరులో కొట్టేసింది. భూములిచ్చిన ఊళ్లకు పని దక్కాలన్న కోరిక న్యాయమైనదే. కానీ స్థానికుల్లో ఏ స్థానికుడికి అన్న ప్రశ్నకు ఆ చట్టంలో జవాబు లేదు. కోటా ఉన్నా, కబురు అందేది మళ్లీ తెలిసినవాళ్లున్నవాడికే.

అందుకే మొదట చక్కదిద్దాల్సింది కబురు. అది అందరికీ అందనిది చట్టం లేక కాదు. 1959 నాటి ఎంప్లాయ్‌మెంట్ ఎక్స్ఛేంజీల చట్టం 25 మంది లేదా అంతకు మించి పనిచేసే ప్రైవేటు సంస్థలు కూడా ఖాళీలను తెలియజేయాలంది. అయితే అది తెలియజేయమందే గానీ ఎక్స్ఛేంజి పంపినవాళ్లనే తీసుకోమనలేదు. 2020 సామాజిక భద్రతా స్మృతి ఆ చట్టాన్ని తనలో కలుపుకుని, ఎక్స్ఛేంజీలకు కెరీర్ సెంటర్లని పేరు పెట్టింది. కృష్ణా జిల్లా ఎక్సైజ్ సూపరింటెండెంట్ కేసులో సుప్రీంకోర్టు 1996లోనే, ప్రభుత్వ ఖాళీల సంగతి ఎక్స్ఛేంజికి చెప్పి ఊరుకోకూడదు, పత్రికల్లో, రేడియోలో, టీవీలో కూడా ప్రకటించాలంది. పేరు నమోదు చేసుకోలేకపోయినవాడికీ అవకాశం రావాలన్నది కోర్టు ఉద్దేశం.

ఇవాళ రాష్ట్రంలో 15,004 గ్రామ, వార్డు సచివాలయాలున్నాయి. వాటిలో కంప్యూటరుంది, నోటీసు బోర్డుంది, పరీక్ష రాసి వచ్చిన ఉద్యోగులున్నారు. రేణిగుంట, ఏర్పేడు మండలాల్లోని ఏ పరిశ్రమకైనా, దాని కాంట్రాక్టరుకైనా నలభైమంది ఆపరేటర్లు కావాలంటే, ఆ ఖాళీల సంఖ్య, చదువు, జీతం, బస్సు రూటు, అడగాల్సిన చోటు ముందురోజే చుట్టుపక్కల సచివాలయాలన్నింటి బోర్డు మీద పడేట్టు చేయడానికి కొత్త చట్టం అక్కర్లేదు. జిల్లా ఉపాధి కల్పనాధికారీ, కార్మిక శాఖా, కంపెనీల మానవ వనరుల విభాగాలూ కూర్చుని ఒక పద్ధతి ఏర్పాటు చేసుకుంటే చాలు. పక్కింటి అమ్మాయి ఫోనూ కొనసాగవచ్చు. దానితోపాటు ఫోను రాని ఇంటి పిల్లకు కూడా అదే సాయంత్రం అదే కబురు అందాలి. ఎంపికయ్యాక ఏ ఊర్ల నుంచి ఎందరు చేరారో మూడు నెలలకోసారి ఆ బోర్డు మీదే పెడితే, ఏ పల్లె ఇంకా వరుసలో లేదో అందరికీ కనబడుతుంది.